మేస్త్రీ వద్దన్న గోడ

జనగామలో మా ఇంటి స్నానాలగదికి టైల్స్ వేయించినప్పుడు, పాడైన గోడను బాగుచేయించకుండానే వేయించాను. వద్దని మేస్త్రీ చెప్పాడు. ఊరికే మాట వరసకు కాదు, గోడ ముందు నిలబెట్టి, తట్టి వినిపించి మరీ చెప్పాడు. నేను వినలేదు. దాని ఫలితం అనుభవించింది నేను కాదు, మా అమ్మ. ఇది రాయడానికి కారణం అదే.

నా బతుకంతా మూడు ఊళ్ల మధ్య. పుట్టి పెరిగిన ఇల్లు జనగామలో. అత్తగారిది మానుకోట (మహబూబాబాద్) వైపు, మరిపెడ దగ్గరి పల్లె. 2021 చివర్లో, ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవో కేటాయింపుల్లో నా ఉద్యోగం భూపాలపల్లి జిల్లాకు మారింది. బడి పంతుల్ని. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ ఒకే వరంగల్ జిల్లా. భార్యాపిల్లలతో భూపాలపల్లిలో అద్దెకుంటున్నాను. నాన్న పోయాక అమ్మను రమ్మన్నాం. "ఈ వాకిలి ఇడిసి యాడికి రాను బిడ్డా" అంది. ఒక్కతే జనగామలో ఉండిపోయింది.

నాన్న కట్టించిన పాత ఇల్లు ఎర్ర ఇటుకది, తొమ్మిదించుల గోడలు. దాని మీద ఇప్పటికీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్నానాలగది మాత్రం తర్వాత ఎప్పుడో పడకగదిని ఆనుకొని వేసినది. నాలుగించుల సిమెంటు ఇటుకల గోడ. చేతిలో డబ్బు ఎంతుంటే అంతలో, దొరికిన ఇటుకతో లేపిన గోడ అది. మరుగుదొడ్డి మాత్రం ఇంకా పెరట్లోనే, పది మెట్లు దిగి పోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రాత్రిపూట ఆ మెట్లు దిగడం కష్టమైంది. ఇంట్లోనే కమోడ్ పెట్టించి, గోడలకు నేలకు టైల్స్ వేయించి, అమ్మకు సుఖంగా ఉండేట్టు చేయాలని 2022 దసరా సెలవుల్లో పని పెట్టుకున్నాను. ఉద్దేశం మంచిదే. ఆ మంచి ఉద్దేశమే నన్ను మూర్ఖుణ్ని చేసింది. అమ్మ కోసం చేస్తున్నాను కాబట్టి నేను చేసేదంతా సరైనదేననుకున్నాను.

పైపులు వేసేవాళ్లు ముందు వచ్చారు. గోడకు గాళ్లు కొట్టారు. కట్టింగ్ మిషన్‌తో గీత కోసి తీయాల్సింది. వీళ్లు సుత్తె, ఉలి పట్టి బాదారు. గీజరు నుంచి షవరుకు, కుళాయికి, కమోడ్‌కు అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే గాడి. నాలుగించుల గోడ సగం మందం దాకా తినేశారు. చాలా ఇటుకలు బీటలిచ్చాయి. కొన్ని రెండు ముక్కలై సందుల్లో కదులుతున్నాయి. నేను అక్కడే నిలబడి చూశాను, పని తొందరగా అవుతోందని సంతోషించాను.

ఇప్పుడు తెలిసిన లెక్క అప్పుడు తెలిసి ఉంటే చేయి పట్టుకొని ఆపేవాణ్ని. ఇటుక గోడల మీద మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1905 ఒక హద్దు పెట్టింది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు, అడ్డ గాడి ఆరో వంతుకు మించకూడదు. ఇంటి బరువు మోసే గోడలకు చెప్పిన లెక్క అది. మా స్నానాలగది గోడ ఆ లెక్కన బరువు మోసేది కాదు. కానీ గోడ పలుచనైన కొద్దీ ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నాలుగించులు అంటే సుమారు 100 మిల్లీమీటర్లు. అందులో ఆరో వంతు 16, 17 మిల్లీమీటర్లు. ముప్పావు ఇంచు సీపీవీసీ పైపు బయటి వ్యాసమే 22 మిల్లీమీటర్లు. అంటే నాలుగించుల గోడలో ఆ పైపును అడ్డంగా పూడ్చడమంటేనే హద్దు దాటడం. పైపు నిలువుగా దింపాలి. అడ్డంగా పోక తప్పదంటే నేలలోంచో, పైకప్పు కిందినుంచో తిప్పాలి. లేదంటే ఆ ఒక్క గోడనైనా ఆరించులది కట్టుకోవాలి. ఈ మాట ప్లంబరు వచ్చే ముందు అనుకోవాల్సింది.

టైల్స్ మేస్త్రీ మానుకోట దగ్గరి తండా మనిషి. మా బావమరిదికి తెలిసినవాడు. పనిలో నెమ్మది, మాట తక్కువ. వచ్చిన రోజు సామాను కూడా దించలేదు. గోడ దగ్గరికి పోయి సుత్తె వెనక్కి తిప్పి, కర్ర పిడితో అడుగడుగునా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట టక్కుమంది, ఒకచోట డొల్లగా మోగింది. కింద నేల దగ్గర మేకుతో గీకితే ఇటుక పిండిలా రాలింది. మా బోరు నీళ్లు చవుడు. ఏళ్లుగా ఆ నీళ్లు తాగి కింది వరసల మీద తెల్లగా ఉప్పు తేలి ఉంది. నాన్న కాలంలో వేసిన సున్నం, దానిమీద రంగు, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి.

"సార్, ఈ గోడల పానం లేదు. పెళ్లలన్ని రాలగొట్టాలె. పలిగిన ఇటుకలు పీకి కొత్తయి వెట్టాలె. పైపుల మీద జాలి గొట్టి మాలు పట్టియ్యాలె. అది ఆరినంకనే టైల్స్. గిప్పుడే అతికిత్తే నిలువయ్."

"టైల్స్ వేశాక గోడెక్కడ కనిపిస్తుంది మేస్త్రీ?" అన్నాను.

"కనవడది సార్. కని మోసేది అదే గదా."

ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. పూత ఆరి గట్టిపడేదాకా ఆగాలని, ఈ సెలవుల్లో కాదని చెప్పాడు. అప్పుడు నా మనసులో మెదిలిన మాట దాచకుండా చెబుతాను. రోజుకూలి మనిషి, పని పెంచుకుంటున్నాడు అనుకున్నాను. హనుమకొండలో ఏ దుకాణంలోనూ నాకు ఆ అనుమానం రాలేదు. టైల్స్ కోసం ఆ ఊళ్లో దుకాణాలన్నీ తిరిగాం. రంగు, పువ్వు, మెరుపు, అంచు పట్టీ, ఒక్కోటి గంటల తరబడి చూసి ఎంచుకున్నాం. చెప్పిన ధరకు పెద్దగా బేరం కూడా ఆడలేదు. గోడ మరమ్మతుకు మేస్త్రీ అడిగింది ఆ టైల్స్ ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు. అది మాత్రం నాకు దండగ ఖర్చుగా కనిపించింది. చల్లని గదిలో కుర్చీ వేసి టీ ఇచ్చి అమ్మేవాడి మాట నమ్మాను. దుమ్ములో నిలబడి, తన పని ఆలస్యమైనా సరేనని నిజం చెప్పినవాణ్ని అనుమానించాను. చదువుకున్నవాణ్ని, పిల్లలకు చదువు చెప్పేవాణ్ని. ఆ చదువు ఆ రోజు నన్ను ఇంకాస్త గుడ్డివాణ్ని చేసింది.

"మీ ఇట్టం సార్. నేను చెప్పిన్నని యాదిల వెట్టుకోండ్రి" అని మేస్త్రీ పని మొదలుపెట్టాడు.

గాళ్లను ఉత్త సిమెంటుతో పూడ్పించాను. గోడ వంకర ఉన్నచోట టైల్ వెనక మాలు ఎక్కువ పెట్టి సరిచేయమన్నాను. కొన్నిచోట్ల అది రెండించుల మందం అయింది. రంగు పొరలు గీకించలేదు. టైల్స్ అతికించే జిగురు పొడి తెమ్మని మేస్త్రీ అడిగితే, సిమెంటు ఉండగా అదెందుకన్నాను. మేం ఎంచుకున్నవి విట్రిఫైడ్ టైల్స్. నీళ్లు పీల్చవని దుకాణంలో గొప్పగా చెప్పారు, నేనూ గొప్పగానే విన్నాను. పూర్తి విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు దాని బరువులో అర శాతం లోపే. మామూలు గోడ టైల్ వెనక భాగం మట్టిలా నీరు పీలుస్తుంది కాబట్టి సిమెంటు పాలు దాని సన్నని రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటాయి. విట్రిఫైడ్‌లో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. వాటికి జిగురు పొడే కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న ఆ టైల్ ఒక్కటే మూడు కిలోల పైన ఉంటుంది. దాన్ని పట్టుకోలేని సిమెంటు, ఆ సిమెంటును పట్టుకోలేని రంగు, ఆ రంగును పట్టుకోలేని ఉప్పు పట్టిన ఇటుక. అమ్మ రోజూ స్నానం చేసే చోట, నిలువెత్తున, ఇదంతా నేనే పెట్టించాను.

సెలవులు ముగిసేలోపు గది తయారైంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అమ్మ మురిసిపోయింది.

చలికాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి టైల్స్ మధ్య గీతలు కొన్నిచోట్ల విచ్చుకున్నాయి. పడకగది వైపు గోడకు నడుమెత్తున రంగు బుడగలు లేచి రాలడం మొదలైంది. అది ఎందుకో ఇప్పుడు తెలుసు. గోడలోకి పోయిన నీరు ఎటో ఒకవైపు నుంచి ఆరాలి. అలా ఆరేచోట, అది తనతో మోసుకొచ్చిన ఉప్పు గట్టిపడి ఇటుక పైపొరను లోపలినుంచి నెడుతుంది. ముందువైపు టైల్స్‌తో మూసేశాం కాబట్టి నీరు వెనక్కి, అమ్మ మంచం ఉన్న గదిలోకి, దారి చూసుకుంది. నేను రంగులవాణ్ని పిలిచి దానిమీద రంగు వేయించాను.

2023 జులై చివర్లో భూపాలపల్లి జిల్లాలో కురిసిన వాన మా వైపు ఎవరూ మరిచిపోలేరు. జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మొత్తాన్ని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కారు. హెలికాప్టర్లు వచ్చి కాపాడాల్సి వచ్చింది. జనగామ వైపు పోయే పరకాల దారి తెగిపోయింది. మేం భూపాలపల్లిలో ఉండిపోయాం. అమ్మకు ఫోన్ చేస్తే, "నేను మంచిగనే ఉన్న బిడ్డా, మీరు పైలం, పిల్లలను బయిటికి పంపకు" అంది. దారులు తెరుచుకున్నాక జనగామ వెళ్లి చూస్తే అమ్మ కాలికి కట్టు ఉంది. వాన రాత్రుల్లో ఒకనాడు, షవరు పక్క వరుసలో రెండు టైల్స్ ఊడిపడ్డాయి. పగిలిన అంచు పాదం మీద కోసుకుపోయింది. పక్కింటి వదిన ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోతే కుట్లు వేశారు. వరదలో ఉన్నవాడికి ఇంకో దిగులెందుకని అమ్మ నాకు చెప్పలేదు. అదే టైల్ తల మీద పడి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను.

అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. నా తెలివితక్కువతనంలో అన్నిటికన్నా సిగ్గుపడేది దీని తర్వాతి భాగం. ఊడిన టైల్స్ స్థానంలో కొత్తవి తెచ్చి, డబ్బా జిగురుతో అతికించాను. చీము తీయకుండా పుండు మీద కట్టు కట్టడం లాంటిది ఆ పని. వెనక గోడ అలాగే ఉంది, నీరు అలాగే నడుస్తోంది. అంతటితో ఆగలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతో, మేస్త్రీ పని సరిగ్గా చేయలేదన్నాను. చుట్టాలతో అన్నాను, వీధిలో అన్నాను. అమ్మ వింటూనే ఉంది, ఏమీ అనలేదు. ఆయన గోడ తట్టి చెప్పినప్పుడు అమ్మ ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా మాట తిరిగి తిరిగి ఆయన దాకా పోయింది. మా వీధిలో ఒకరు ఆయనకిద్దామనుకున్న పని వేరేవాళ్లకిచ్చారని తర్వాత తెలిసింది. టైల్ ఊడటం గోడ తప్పు. ఒక మనిషి తిండి గింజల మీద దెబ్బ పడటం పూర్తిగా నా తప్పు.

కళ్లు తెరిపించింది మానుకోట. 2024 ఆగస్టు 31 రాత్రి మహబూబాబాద్ జిల్లా మీద పడ్డ వానకు ఆకేరు వాగు ఒడ్డు దాటింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మరిపెడ మండలం సీతారాం తండా నీటిలో చిక్కుకుంది. మా బావమరిది ఇంట్లోకి కిటికీల దాకా నీళ్లొచ్చాయి. మనుషులు ముందే గట్టెక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నీళ్లు తీశాక చూస్తే ఇల్లంతా ఒండ్రు. సిమెంటు ఇటుకలతో కట్టిన స్నానాలగదిలో పూత ఉబ్బి, కింది టైల్స్ సగం రాలిపోయాయి.

బావమరిది మిర్చి రైతు. పదో తరగతి దాటలేదు. ఆ తండా మేస్త్రీనే పిలిచి, గోడ ముందు నిలబెట్టి, "నువ్వు చెప్పు అన్నా, ఏం జేద్దాం" అని అడిగాడు. అంతే. ఆ తర్వాత పనంతా మేస్త్రీ చెప్పినట్టే జరిగింది. నీటి గీత మీద ఒక అడుగు ఎత్తు దాకా పూత మొత్తం రాలగొట్టారు. ఒండ్రును మంచినీళ్లతో కడిగారు. తర్వాత ఏం చేయకుండా వదిలేశారు. దసరా పోయింది, దీపావళి పోయింది. గోడ ఆరుతూ ఉంది. ఆరిన కొద్దీ తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపారు. తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుందట. ఇంటిల్లిపాదీ పెరట్లో తడిక చాటున స్నానాలు చేశారు. ఎవరూ తొందరపెట్టలేదు. సెలవులకు వెళ్లినప్పుడల్లా నేను ఆ గోడ ముందు నిలబడేవాణ్ని. మేస్త్రీ ఎదురుపడితే "బాగున్నరా సార్" అని పలకరించేవాడు. జనగామ మాట ఎత్తేవాడు కాదు. నాకు నోరు పెగిలేది కాదు.

ఆ ఏడాదంతా గోడల గురించే వాకబు చేశాను. భూపాలపల్లికి చేరువలోనే చెల్పూరు. అక్కడి కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. బొగ్గు కాలాక మిగిలే బూడిదతో ఇటుకలు చేస్తారు. ఇటుకలు చేసే ఒకాయనను అడిగితే ఓపిగ్గా చూపించాడు. ఇటుక మంచిదా చెడ్డదా అన్నది అందులో బూడిద ఉందా, క్రషర్ డస్టు ఉందా అన్నదాని మీద ఆధారపడదు. సిమెంటు సరిపడా పడిందా, అచ్చు తీశాక నీళ్లు పట్టారా అన్నదే అసలు సంగతి. సిమెంటు కాంక్రీటు ఇటుకలకు కనీసం 14 రోజులు నీళ్లు పట్టాలని, ఆ తర్వాత వారాల తరబడి నీడన ఆరనివ్వాలని ఐఎస్ 2185 చెబుతుంది. అచ్చు తీసి నాలుగు రోజులు కాకముందే ట్రాక్టరు పంపేవాళ్లున్నారని ఆయనే చెప్పాడు. అలాంటి పచ్చి ఇటుక గోడలో పెట్టాక ఆరుతూ కుంచించుకుపోతుంది, సందుల దగ్గర చీలుతుంది. మా నాన్న కొన్నది అలాంటిదే అయ్యుంటుంది. ఆయన్ని అనడానికి లేదు. ఆయన దగ్గర ఉన్నంతలో కట్టాడు. ఉండీ చేయనివాణ్ని నేను.

మేం అద్దెకున్న ఇంటి గోడలు తేలికపాటి ఏఏసీ ఇటుకలవి. నీళ్లలో వేస్తే తేలుతాయి. పిల్లలను రామప్పకు తీసుకెళ్లినప్పుడు, 1213 నాటి ఆ గుడి శిఖరానికి కాకతీయులు వాడిన ఇటుకలూ నీళ్లలో తేలతాయని చెబుతుంటాను. ఆనాటి పనివాళ్లు కింద ఇసుక పునాదికి ఎంత బరువు తగునో చూసి పైన ఇటుక చేశారంటారు. ఏఏసీ గోడలకు మరమ్మతు పద్ధతి వేరు. అవి మెత్తన. మాలులోని నీటిని గటగటా తాగేస్తాయి. సిమెంటు ఇటుక గోడలా బాగా తడపకూడదు, పైపైన నీళ్లు చిలకరించాలి. గుంటలకు ఆ ఇటుకలు అతికించే జిగురు మాలే వాడాలి, పూతలో ఫైబరు జాలి ఉండాలి. గోడ ఏ ఇటుకదో తెలియకుండా మందు వేయకూడదని దీంతో అర్థమైంది.

2025 వేసవి సెలవుల్లో తండాకు పోయి మేస్త్రీ ఇంటి ముందు నిలబడ్డాను. తప్పు నాదేనని, ఆయన మీద అన్న మాటలు అబద్ధమని ఆయన భార్య ముందు, కొడుకు ముందు చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "మా అమ్మ లెక్క సార్ ఆమె. కాలు ఎట్లున్నది?" అని అడిగాడు. వస్తానన్నాడు. జనగామలో నేను ఎవరెవరితో అన్నానో వాళ్లందరికీ మళ్లీ నేనే చెప్పుకున్నాను. వాళ్లలో కొందరు నవ్వి వదిలేశారు. నాకు అది నవ్వే సంగతి కాదు.

టైల్స్ తీయడానికి సుత్తె అవసరం కూడా పెద్దగా పడలేదు. సందులో ఉలి పెట్టి కాస్త ఎత్తితే పలకలు పలకలుగా వచ్చాయి. చాలా టైల్స్ వెనక సిమెంటు మరకైనా అంటలేదు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో తడి. నల్లటి బూజు. కింది మూడు వరసల ఇటుకలు చేత్తో చిదిపితే చిదిగాయి. అమ్మ వచ్చి చూసి, "ఇదా నా పక్కన ఉన్నది" అంది.

ఈసారి నేను అడిగాను, ఆయన చెప్పాడు. కింది వరసలు ఒకేసారి పీకితే పై గోడ కూలుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, దాటుకుంటూ పీకి, బాగా నీళ్లు పట్టి ఆరిన కొత్త ఇటుకలు పెట్టాడు. అడ్డంగా పోయిన పైపును తీయించి, పై నుంచి నిలువుగా దింపించాం. దానికి కట్టింగ్ మిషన్‌తో రెండు గీతలు కోసి, మధ్యభాగం మాత్రమే తీశారు. గాడిలో పైపు బిగించాక, పూడ్చకముందే, పైపుల్లో ఒత్తిడి నిలిపి లీకు చూశారు. రంగు, సున్నం ఇటుక కనిపించేదాకా గీకారు. దుమ్ము దులిపి కడిగారు. ముందురోజే గోడ తడిపి, పైన నీరు నిలవకుండా లోపల తడి ఉండేలా చూసుకొని, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మాలు పట్టించారు. లోతు గుంటలను ఒక్కసారే నింపలేదు. ఒక్కో పూత అర ఇంచు దాకా, దాన్ని గరుకుగా గీసి, బిగిశాక ఇంకోటి. మందంగా ఒకేసారి కొట్టిన మాలు తన బరువుకే జారి, ఆరుతూ చీలుతుంది. గాళ్ల మీద, పిల్లరూ గోడా కలిసే చోట, రెండు వైపులా ఆరించులు దాటేలా కోడి జాలి కొట్టారు. ఒకటికి నాలుగు పాళ్ల మాలు. ఇసుక జల్లించి, బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నీళ్లతో కలిపారు. గుండు వేసి, బద్ద పెట్టి, గోడ నిలువు చూసి నున్నగా కాకుండా గరుకుగా వదిలారు.

వారం రోజులు నీళ్లు పట్టాం. అమ్మే పట్టింది, నేను వద్దన్నా వినలేదు. సిమెంటు బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. ఆ నెల ఆగాం. ఆ తర్వాత నేల, గోడ కలిసే మూలల్లో మాలు గుండ్రంగా తిప్పి, నీరు ఆపే పూత రెండు సార్లు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, షవరు వైపు తలకన్నా ఎత్తు దాకా వేశారు. నేల మీద ఒకరోజంతా నీళ్లు నిలిపి చూశారు. అన్నీ అయ్యాక టైల్స్. ఈసారి జిగురు పొడితో, పళ్ల తాపీతో గీతలు గీసి, టైల్ వెనకా పలుచగా పూసి అద్దారు. మధ్యలో ఒక టైల్ అతికించిన వెంటనే ఊడదీసి వెనక అంతటా అంటిందో లేదో నాకు చూపించాడు. నేను అడగలేదు. నేను చూసుకోవాలని ఆయనే చూపించాడు.

టైల్స్‌కు ఎక్కువ ఖర్చు పెట్టలేదు. ఉన్నవాటిలో మామూలువి తెచ్చాం. రెండోసారి పనికి, మొదటిసారి గోడకు మేస్త్రీ అడిగినదానికి ఎన్నో రెట్లు అయింది. అమ్మ పాదం మీద కుట్ల మచ్చ అలాగే ఉంది. మోకాలి నొప్పికి ఆ కాలి నొప్పి తోడైంది, చలికాలం ఎక్కువ బాధిస్తుంది. దానికి ఏ మరమ్మతూ లేదు.

ఇప్పుడు మా మూడు జిల్లాల్లోనూ ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి. 5 లక్షల సాయం, 400 చదరపు అడుగులకు తగ్గని ఇల్లు, అందులో వంటగది, స్నానాలగది. బిల్లు బిల్లుకూ ఎదురుచూస్తూ, అప్పు చేసి, కూలికి పోయి కట్టుకుంటున్నవాళ్లే ఎక్కువ. చాలా గోడలు నాలుగించులవే. ఆ ఇళ్లవాళ్లకు నా విన్నపం ఒక్కటే. డబ్బు తక్కువైతే టైల్స్ మానేయండి, గోడను మానకండి. మంచి మాలుతో నున్నగా చేసి, నీళ్లు పట్టి, నీరు ఆపే పూత వేసిన సిమెంటు గోడ టైల్స్ లేకపోయినా ఏళ్ల తరబడి నిలుస్తుంది. టైల్స్ వచ్చే ఏడాదైనా, ఆపై ఏడాదైనా వేసుకోవచ్చు. ప్లంబరు గాళ్లు కొట్టేటప్పుడు పక్కనే ఉండండి, సుత్తెతో కొట్టనివ్వకండి. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు స్నానం చేసే వైపు గోడను మీరే స్వయంగా తట్టి వినండి. టైల్స్ దుకాణానికి పోయేముందు మేస్త్రీని ఇంటికి పిలిచి గోడ చూపించండి. ఆయన ఆగమంటే ఆగండి. ఆ ఆగిన రోజులకు ఆయన కూలి ఎంతైతే అంత, బేరం ఆడకుండా ఇవ్వండి.